బెల్లంతో తూచిన పిల్లలు

1986 మార్చి 11, మంగళవారం. ఉదయం తొమ్మిది గంటలు. వెల్దుర్తి నుంచి సైకిలు మీద గంట దూరంలో ఉన్న ఒక ఊరు. బాలవాడి వరండా.

హాజరైనవారు: నేను, పోషకాహార సూపర్‌వైజరు. బాలవాడి టీచరు సీతారావమ్మ. త్రాసు యజమాని, మిర్చి వ్యాపారి మస్తాన్ సాయిబు. బెల్లం దాత, ఊరి పెద్ద రైతు రామకోటయ్య. నరసరావుపేట నుంచి జీపులో వచ్చిన మా పై అధికారి. ఐదేళ్ళ లోపు పిల్లలు ముప్పై ఒక్కమంది, వాళ్ళ తల్లులు, నాయనమ్మలు. వాళ్ళలో కూలికి పోయే కోటేశ్వరమ్మ, ఆమె అత్త అంకమ్మ, ఆ ఇంటి రెండేళ్ళ పిల్ల నాగమణి. ఒక బెల్లం దిమ్మ. రెండు మిరప టిక్కీలు, అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు. మేకలు కూడా వచ్చాయి గానీ వాటిని లెక్కలో చేర్చలేదు.

డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఈ శాఖలో కొత్తగా చేరే పిల్లలు నన్ను అడుగుతుంటారు, పసిపిల్లల తిండి గురించి ఊళ్ళకి చెప్పే ఉద్యోగం అంటే అసలు ఏం చెయ్యాలని. నా ప్రమోషన్లు, బదిలీలు ఎవరికీ పనికిరావు. ఈ ఒక్క పేజీ విప్పి చెబుతాను. ఊరి పేరు డైరీలో ఉంది, ఇక్కడ అవసరం లేదు. ఆ రోజు దాకా ఎలా వచ్చామో చెప్పాలంటే మూడు నెలలు వెనక్కి పోవాలి.

స్ప్రింగు కాటా

డిసెంబరులో మొదటిసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు నా దగ్గర కొత్త స్ప్రింగు కాటా ఉంది. పైన కొక్కెం, మధ్యలో గడియారం లాంటి ముఖం, కింద పిల్లని కూర్చోబెట్టే గుడ్డ సంచి. వరండా దూలానికి తగిలించి, రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఒక్క పిల్ల కూడా ఆ సంచిలోకి దిగలేదు.

తల్లులు వచ్చారు, చూశారు. అంకమ్మ ముందుకొచ్చి ఆ కొక్కేన్ని వేలితో కదిపింది.

"సంతలో మేకపోతుని ఇట్టానే తగిలిస్తారు," అంది. "తగిలించినాక ఏం చేస్తారో కూడా చూశాం."

తూకం ఎందుకో నేను వివరించాను. వయసుకి తగ్గ బరువుండాలి, ప్రతి పిల్లకీ ఒక కార్డు, ఆ కార్డు మీద ఒక గీత, గీత పైకి పోతే మంచిది, కిందికి దిగితే ప్రమాదం. పావుగంట చెప్పాను. నేను ఆగగానే ఒకావిడ, "అయితే తూచకపోతే గీత కిందికి దిగదుగా," అంది.

నాగమణిని చూసింది ఆ రోజే. అంకమ్మ చంకలో ఉంది. రెండేళ్ళ పిల్ల, ఏడాది పిల్లంత కూడా లేదు. చేతులు చీపురుపుల్లలు, పొట్ట మాత్రం ముందుకి. అంతమంది కొత్తవాళ్ళ మధ్య ఏడవలేదు. ఈ పనిలో ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: ఏడ్చే పిల్ల గురించి అంత కంగారు అక్కర్లేదు. ఏడవాల్సిన చోట ఏడవని పిల్ల గురించి కంగారు పడాలి. మాచర్లలో నాకు తెలిసిన ఒక డాక్టరుకి పిల్ల వాలకం చెబితే, "ఇప్పుడు తట్టు పోసిందంటే నిలవదు. వేసవి ముదిరేలోగా కాస్త కండ పట్టించండి," అన్నాడు.

అంకమ్మ పిల్లకి పెట్టేది గంజి, టీలో ముంచిన బిస్కెట్టు. గుడ్డు వేడి. పప్పు పడదు. వేరుశనగ పైత్యం. అరటిపండు జలుబు. నెయ్యి దగ్గు. ఆమె పెట్టకూడదన్నవన్నీ డైరీలో వరసగా రాస్తే ఒక పేజీ దాదాపు నిండింది. పెట్టదగ్గవి రాయడానికి పేజీ అడుగున మిగిలిన జాగా సరిపోయింది. పిల్ల తల్లి కోటేశ్వరమ్మ ఆ సీజనంతా మిరప కోతకి పోయేది. ఆమె భర్త లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. పిల్ల తిండి పూర్తిగా అంకమ్మ చేతిలో ఉండేది.

పెద్ద త్రాసు

దారి చూపింది సీతారావమ్మ. పదో తరగతి చదివి ఆ ఊరికి కోడలిగా వచ్చి, ఊరందర్నీ వరసపెట్టి పిలిచే మనిషి.

"ఈ ఊళ్ళో పిల్లల్ని తూచరని ఎవరన్నారు సార్," అంది. "మొక్కుంటే తూస్తారు. బెల్లంతో."

పిల్లకి జబ్బు తగ్గితే ఎత్తు బెల్లం ఇచ్చుకుంటామని అమ్మవారికి మొక్కుతారు. మస్తాన్ సాయిబు కొట్లో మిరపకాయలు తూచే పెద్ద త్రాసు తెచ్చి, ఒక తట్టలో పిల్లని, రెండో తట్టలో బెల్లాన్ని పెడతారు. ఆ తూకానికి దిష్టి తగలదు. మేకపోతు ఊసు రాదు.

"బెల్లంతో తూచి, తర్వాత ఆ బెల్లం దించి తూకపు రాళ్ళు పెట్టి, బరువు రాసుకోండి. ఎవరొద్దంటారు," అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజుల్లో నేను లెక్క కుదిరితే మనుషులు దాని వెనకే కుదురుకుంటారని నమ్మేవాణ్ణి. బెల్లం రామకోటయ్య ఇస్తానన్నాడు. ఆయన మూడేళ్ళ మనవడు ఊళ్ళో అందరికన్నా బొద్దు. ఆ సంగతి త్రాసు సాక్షిగా ఊరికి తెలిస్తే ఆయనకి ఇష్టమే.

కాకపోతే తూచిన బెల్లం మళ్ళీ ఇంటికి తీసుకుపోకూడదు, పంచాలి. ఎత్తుకి ఎత్తు పంచాలంటే మాచర్ల బజారు మొత్తం చాలదు. అందుకని నేనొక నియమం రాశాను: పిల్ల బరువులో కిలోకి ఒక నిమ్మకాయంత బెల్లం ముక్క, ఆ ఇంటికే. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు కనపడదు.

మొదటి నెల: బరువుకి బెల్లం

జనవరి తూకానికి ఊరు ఊరంతా కదిలింది. రామకోటయ్య మనవడు వెండి మొలతాడు, వెండి మురుగులు, కాళ్ళకి పట్టీలతో వచ్చాడు. పదిహేడు కిలోలు.

"వెండి తీసి తూద్దామా," అన్నాడు మస్తాన్ సాయిబు.

"వాడు పుట్టినకాణ్ణుంచి అవి వాడి ఒంటి మీదే ఉన్నాయి," అన్నాడు రామకోటయ్య. "వాడి కిందే లెక్క."

ఒక తండ్రి, నాలుగేళ్ళవాడని చెప్పి ఒకణ్ణి తట్టలోకి ఎక్కించబోయాడు. వాడి మోకాళ్ళు తట్టలో పట్టలేదు. "ఏ క్లాసురా?" అని సీతారావమ్మ అడిగితే వాడు నిజాయితీగా "ఐదో తరగతి టీచర్," అన్నాడు. ఇంకొకాయన పళ్ళూడిన తన తండ్రిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు.

"ఇది పిల్లల తూకమయ్యా," అన్నాను.

"మా నాయన పిల్లోడితో సమానం సారూ. అన్నం మెత్తగా కలిపి పెట్టాల. పక్కలో పోసుకుంటాడు. పెట్టకపోతే ఏడుస్తాడు. మీరు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి."

ఈలోగా ముసలాయన తట్టలో సర్దుకు కూర్చున్నాడు. దించడానికి ముగ్గురం పట్టాం. వెళ్ళేటప్పుడు సీతారావమ్మ ఆయనకి ఒక ముక్క ఇచ్చింది. రిజిస్టరులో ఎక్కడ రాయాలో తెలియక నేను రాయలేదు.

నాగమణిని తేలేదు. ఇంటికి వెళితే అంకమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఐదారు ముక్కల కోసం నా మనవరాల్ని నలుగుర్లో నవ్వులపాలు చెయ్యమంటావా?"

సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే గాని నాకు తలకెక్కలేదు. బొద్దు పిల్లలకి బహుమానం పెట్టి, బక్క పిల్లల్ని ఇంట్లో దాచే ఏర్పాటు నేనే చేశాను. నేను వెతుకుతున్నది దాచిన ఆ పిల్లల్నే.

రెండో నెల: లోటుకి బెల్లం

నియమం తిరగేశాను. వయసుకి ఉండాల్సిన బరువు కన్నా ఎంత తక్కువుంటే, కిలోకి ఒక ముక్క. సరిపడా ఉన్నవాళ్ళకి ఏమీ లేదు.

ఫిబ్రవరిలో ఊళ్ళో పిల్లలందరూ ఒక్కసారి చిక్కిపోయారు. జుట్టు బరువని గుండ్లు చేయించారు. మొలతాళ్ళు తెంపారు. దిష్టిపూసలు కూడా తీసేశారు. మామూలు రోజుల్లో అవి తియ్యమంటే నన్ను ఊళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు. చాలామందికి ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ పెట్టలేదు. వరండా నిండా ఆకలి ఏడుపులు. ఒక అవ్వ మాటలు చెబుతూ చెబుతూ తట్ట అంచు కింద వేలు పెట్టి ఎత్తి పట్టుకుంది.

"అవ్వా, వేలు తియ్యి," అన్నాడు మస్తాన్ సాయిబు. "నేను నలభై ఏళ్ళు మిర్చి తూచినోణ్ణి. ఈ విద్య నాకాడా?"

"నువ్వు వేలు పైన పెట్టే రకం కదా, కింద చూస్తావనుకోలా," అంది అవ్వ, వేలు తీస్తూ.

రామకోటయ్య మనవడికి ఒక్క ముక్క కూడా రాలేదు.

"నా బెల్లం, నా మనవడికే లేదా? ఏందయ్యా నీ లెక్క?"

"మీ వాడికి లోటేమీ లేదండీ."

"లోటు ఎట్టా తెప్పించాలో నాకు తెలుసులే," అని చెప్పి, ఇంటికి పోయి ఆ పసివాడికి నెయ్యి, పెరుగు ఆపించాడు.

నాగమణిని ఈసారి తెచ్చారు. ఆరు కిలోల రెండు వందల గ్రాములు. లోటు దగ్గర దగ్గర ఆరు కిలోలు. వచ్చింది ఆరు ముక్కలే, కానీ ఊళ్ళో ఎవరికీ అన్ని రాలేదు. అంకమ్మ వాటిని చేటలో పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని, దగ్గరి దారి వదిలేసి పెద్ద బజారు గుండా నడిచింది. "ఫస్టు మా పిల్లే. సారు రాసుకున్నాడు," అని ఎదురైన వాళ్ళందరికీ చెప్పింది. సాయంత్రం సీతారావమ్మ వాళ్ళింటికి పోయి పిల్లకి పప్పన్నం మొదలుపెట్టమంటే, "ఇప్పుడు లావైతే వచ్చే నెల ఏం రావాల," అందట.

ఆ మాట డైరీలో రాశాను. దాని కింద ఆ రోజుకి ఇంకేమీ లేదు. చదువుకున్నవాణ్ణి, ఒక పిల్ల బక్కగా ఉండటంలో ఆ ఇంటికి లాభం చూపించి వచ్చాను. ఊరివాళ్ళు అజ్ఞానులని మా మీటింగుల్లో అనుకునేవాళ్ళం. ఆ ఊరివాళ్ళు నా నియమాన్ని నాకన్నా బాగా అర్థం చేసుకున్నారు. మీరు ఏది కొలిచి బహుమతి ఇస్తే అదే పండించి ఇస్తారు. అందుకే ఏది కొలవాలో పదిసార్లు ఆలోచించుకోండి. నేను రెండుసార్లు కూడా ఆలోచించలేదు.

గీత మీద ప్రేమ

మా పై అధికారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆయనకి కార్డు మీద గీత పైకి పోతే చాలు. ఒక ఊళ్ళో టీచరు ఆయనకి భయపడి, స్కేలు పెట్టి పిల్లలందరి గీతలూ పైకి లాగేసింది. ఆ కార్డుల్లో ఒక మూడేళ్ళ పిల్ల నలభై కిలోలు దాటింది. ఆయన ఆ కార్డు మీద "గుడ్" అని రాసి సంతకం పెట్టారు. ఆ పిల్లని చూపించమని అడగలేదు. చెడ్డవాడు కాదు. పిల్లలంటే ఇష్టమే, కాకపోతే పిల్లలకి ముక్కు కారుతుంది, కార్డులకి కారదు.

మార్చి 11న ఆ ఊరు వస్తున్నానని ఆయన ఉత్తరం వచ్చింది. పది రోజుల ముందే నేను ఊళ్ళో మూడో నియమం చాటింపు వేయించాను: పోయిన నెల కన్నా పావుకిలో పెరిగితే ఒక ముక్క. సన్నమా లావా అన్న లెక్క లేదు, పెరిగినదానికే ముక్క. ఇందులో మోసం దూరదని అనుకున్నాను.

మూడో నెల: పెరిగినదానికి బెల్లం

అధికారి జీపు దిగేసరికి త్రాసు కట్టి ఉంది. బెల్లం దిమ్మ చూసి ఆయన నొసలు ముడిచారు. నేను నోరు తెరిచేలోగా రామకోటయ్య దండేసి, "ముందు సారుని తూచాల," అన్నాడు. మర్యాద అన్నాక కాదనడానికి లేదు. అధికారి చెప్పులు విప్పి తట్టలో గొంతుకూర్చున్నారు. దిమ్మ చాలలేదు. మస్తాన్ సాయిబు దాన్ని దించి రెండు మిరప టిక్కీలు తెప్పించి పేర్చాడు.

"రెండు టిక్కీలకి కాస్త తక్కువ," అని ప్రకటించాడు.

టిక్కీల ఘాటుకి అధికారి వరసగా తుమ్మారు. తుమ్మినప్పుడల్లా ముల్లు ఊగింది.

"సారు పోయిన నెల ఎంతున్నాడు?" అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అడిగింది. "రాసి లేదా? అయితే ముక్క రాదు."

అధికారి దిగి, ముక్కు తుడుచుకుని, నా చెవిలో అడిగారు. "మన సర్క్యులర్లో బెల్లం ఉందా?"

"లేదండీ."

"తర్వాత మాట్లాడదాం."

పిల్లల తూకం మొదలైంది. ప్రతి పొట్టా కుండలా ఉంది. పొద్దున్నే బిందెల కొద్దీ నీళ్ళు తాగించారు. మూడో పిల్లవాడు తట్టలోనే ధార కట్టాడు. "సాయిబు మామా, ఆగాగు, మావోడు తరిగిపోతున్నాడు," అని తల్లి గోల. ఇంకొకడి గోచీలోంచి నున్నటి రాయి జారి పడింది. మస్తాన్ సాయిబు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "మంచి రాయి. దుర్గి పంపిస్తే బొమ్మ చెక్కుతారు," అని తల్లి చేతికిచ్చాడు.

రామకోటయ్య మనవడు మూడు వారాలు పస్తులాంటి తిండి తిన్నాడు. చాటింపు వినగానే తాత వాడికి పూటకి నాలుగు సున్నుండలు, గిన్నెడు నెయ్యి పట్టించాడు. వాడి కడుపు తట్టుకోలేక నాలుగు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. పదిహేడున్నవాడు పదహారు తూగాడు.

"బాబాయ్, నాలుగు ముక్కలు నువ్వే ఎదురివ్వాల," అంది సీతారావమ్మ. రామకోటయ్య మనవణ్ణి భుజానేసుకుని స్తంభం పక్కకి పోయి నిలబడ్డాడు. నవ్వొచ్చింది గాని, ఆ పసివాడు చిక్కింది నా నియమాల వల్లే.

తర్వాత నాగమణి. కోటేశ్వరమ్మ ఆ రోజు కోత మానుకుని వచ్చింది. తనే పిల్లని తట్టలో కూర్చోబెట్టింది. బెల్లం దించి రాళ్ళు పెట్టాను. ఆరు కిలోల ఏడు వందలు.

నమ్మలేదు. సీతారావమ్మ పిల్ల గౌను విప్పి దులిపింది. రాయి లేదు. పొట్ట తట్టి చూసింది. నీళ్ళు లేవు. మళ్ళీ తూచాం. మస్తాన్ సాయిబు తట్టలు మార్చి మూడోసారి తూచాడు. అదే బరువు. అరకిలో పెరిగింది. నీళ్ళూ రాళ్ళూ తీసేసి చూస్తే, ఆ వరండాలో నిజంగా అంత పెరిగిన పిల్ల ఇదొక్కతే.

అధికారి కార్డు అందుకున్నారు. "ఈ గీత బాగుంది. పిల్లకి ఏం పెట్టారు?"

"ఏం పెట్టలా," అంది అంకమ్మ. "గంజే."

"గంజికి ఇంత రాదమ్మా."

కోటేశ్వరమ్మ పిల్లని తట్టలోంచి తీసుకుని, నేల చూస్తూ అంది.

"నేనే పెట్టానండి. పోయిన నెల వచ్చిన ముక్కలు అత్త ఉట్టి మీద దాచింది. రోజూ కాస్త గిల్లి, వేరుశనగ్గుళ్ళు వేయించి దంచి, ఉండ చేసి పెట్టా. అత్త పొద్దున గేదె కాడికి పోయినప్పుడొకటి, మాపు పోయినప్పుడొకటి."

"ఏమే," అంది అంకమ్మ. అరుస్తుందనుకున్నాను. గొంతు లేవలేదు. "వేరుశనక్కాయలు పెట్టావా? దానికేమన్నా అయితే?"

"ఏం కాలా అత్తా. నెల్రోజులైంది."

అంకమ్మ వరండా గట్టు మీద కూర్చుంది. మాతో కాదు, తనలో తను అన్నట్టు చెప్పింది. ఆమె రెండో కొడుకు నాగమణి అంత ఉన్నప్పుడు ఒకరోజు పప్పన్నం అడిగి అడిగి తిన్నాడు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నానికి పోయాడు.

"నా చేత్తో కలిపి పెట్టిందే," అంది. "అప్పట్నుంచి ఏ పిల్లకీ గంజి తప్ప ఈ చేత్తో పెట్టలా."

పెట్టకూడనివన్నీ నేను పేజీ నిండా రాసుకున్నాను. ఎందుకు పెట్టకూడదో ఒక్కసారి అడగలేదు. మూడు నెలల్లో మూడు నియమాలు రాశాను. ఆ ఒక్క ప్రశ్నకి అర నిమిషం పట్టేది.

అధికారి కార్డు నా చేతికిచ్చి, నాగమణి మణికట్టు పట్టుకుని చూశారు. "రెండు ముక్కలు ఇవ్వండి," అన్నారు. అంకమ్మ తీసుకోలేదు. లేచి, "ఇంక పిల్లని నువ్వే చూసుకో. నావల్ల కాదు," అని కోడలితో చెప్పి వెళ్ళిపోయింది.

కోటేశ్వరమ్మ పిల్లని ఎత్తుకుని అక్కడే నిలబడిపోయింది. కోతకి పోతే పగలు పిల్లకి పెట్టే చెయ్యి లేదు. కోత మానితే ఇంట్లోకి గింజ లేదు. వచ్చిన అరకిలో ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు తెలియలేదు.

అధికారి జీపు ఎక్కుతూ నన్ను పిలిచారు. "రిపోర్టులో బెల్లం అన్న మాట ఎక్కడా రాకూడదు," అని, "ఆ పిల్ల సంగతి మాత్రం నాకు విడిగా రాయండి," అన్నారు.

మర్నాడు ఉదయం

ఆ రాత్రి ఊళ్ళోనే ఉండిపోయాను. బుధవారం ఉదయం ఏడున్నరకి, త్రాసు అప్పజెప్పడానికి సీతారావమ్మా నేనూ మస్తాన్ సాయిబు కొట్టుకి వెళ్ళాం. అంకమ్మ మాకన్నా ముందే అక్కడుంది. కోటేశ్వరమ్మ కోతకి పోయినట్టుంది, చంకలో నాగమణి. చేతిలో ఉడకబెట్టిన గుడ్డు, పెంకుతో.

"దీన్ని తూచు," అని గుడ్డు సాయిబుకిచ్చింది.

ఆయన లవంగాలు తూచే చిన్న త్రాసు తీశాడు. "యాభై ఐదు గ్రాములు."

"అట్టాంటివి ఎన్నయితే పావుకిలో?"

"ఐదు."

"ఐదు గుడ్లకి ఒక ముక్క," అంది అంకమ్మ. "ఇరవై తింటే కిలో. ఆ రామకోటయ్య మనవడు ఇంకెంత పెరుగుతాడు, వాడి ఒంట్లో జాగా యాడుంది?"

తిన్నదాని బరువు తిన్నట్టే ఒంటికి చేరదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. సీతారావమ్మ నా కాలు తొక్కింది. మూసుకున్నాను. ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

అంకమ్మ గుడ్డు పెంకు ఒలిచి సీతారావమ్మ ముందు పెట్టింది. "నువ్వు పెట్టు టీచరమ్మా. నా చెయ్యి వద్దు."

సీతారావమ్మ చిదిపి కొంచెం కొంచెంగా పెట్టింది. సగం అయ్యాక, "నాకు బాలవాడి తలుపు తియ్యాల, పొద్దెక్కుతుంది," అని మిగిలిన సగం అంకమ్మ అరచేతిలో పెట్టి గట్టు దిగింది. పిల్ల నోరు తెరిచే ఉంది. అంకమ్మ అటూ ఇటూ చూసింది. సాయిబు రాళ్ళు సర్దుకుంటున్నాడు. నేను డైరీ తెరిచాను. ఆమె ఒక ముక్క పెట్టి, పిల్ల మింగిందాకా గొంతు వంక చూసి, ఇంకో ముక్క పెట్టింది. పావుగంట పట్టింది.

గుడ్డు బరువు యాభై ఐదు అని నేను రాస్తుంటే చూసి, ఆమె ఒళ్ళోని పెంకులన్నీ ఏరి త్రాసులో వేసింది.

"ఇది తీసేసి రాయి సారూ. పెంకు పిల్ల తినలా."

ఐదు గ్రాములు. తీసేసి రాశాను.